పదకొండో బొమ్మ

"చేతులు కడుక్కుని రండి," అన్నాడు అతను, తలెత్తి చూడకుండానే.

"కడుక్కునే వచ్చాను."

"క్రీమ్ రాసుకున్నారు."

"రాసుకుంటే తప్పా?"

"తప్పేం కాదండీ. చుక్కలు అంటుకోవు."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి బయటికి వెళ్ళింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, మనిషి జాడ లేదు. కుళాయి చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. చివరికి మోచేతుల దాకా నీళ్ళు కారుతుండగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చాలా? లేకపోతే చర్మం కూడా ఒలుచుకుని రమ్మంటారా?"

అప్పుడు తలెత్తాడు మనవాడు. ఎత్తిన తల మళ్ళీ దించడానికి కాస్త ఎక్కువ టైమే పట్టింది. పొద్దుటి నుంచి ఓపీలో అరవై మంది కళ్ళల్లోకి తొంగి చూసి వచ్చిన మనిషి, ఆకలి మీద ఉన్న మనిషి, కోపంతో ముక్కు ఎర్రబడ్డ మనిషి. అంత అందంగా ఉండాల్సిన అవసరం ఆమెకి ఏమాత్రం లేదు.

అది కంటి ఆసుపత్రి. మూడో అంతస్తు చివర, ఒకప్పుడు పాత మంచాలు పడేసే గదిలో అతని ల్యాబ్. ఒక మైక్రోస్కోపు, దాని కింద ఒక రబ్బరు కన్ను, పక్కన సెకనుకి వెయ్యి బొమ్మలు తీసే కెమెరా. కొందరికి కంటి వెనక, చూపు పుట్టే చోట, ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి పేరుకుంటుంది. సన్నని పట్టకారుతో దాన్ని ఒలిచి తీయాలి. తీసేటప్పుడు చెయ్యి వెంట్రుక మందాన్ని మించి కదిలితే ఆ కంటికి ఇక చూపు ఉండదు. అందుకని ఆ పని నేర్చుకునే డాక్టర్లు పదహారు రోజులు రబ్బరు కళ్ళ మీద సాధన చేసి, ఆఖరున ఫైనల్ పరీక్షకి కూర్చోవాలి. పాసైతేనే మనుషుల కళ్ళ జోలికి వెళ్ళాలి.

చెయ్యన్నాక అందరిదీ కాస్తో కూస్తో వణుకుతుంది, మామూలు కంటికి కనపడదంతే. బొటనవేలి మీద, చూపుడువేలి మీద, పట్టకారు పిడి మీద ఆవగింజంత తెల్ల చుక్కలు అంటించి, అవి ఎటు ఎంత కదిలాయో ఆ కెమెరాతో కొలుస్తారు. ఆ కెమెరాకి యజమానీ మనవాడే, నౌకరూ మనవాడే. దాని మీద ఈగని వాలనిచ్చేవాడు కాదు.

చిమటాతో ఒక్కో చుక్కా తీసి, వేలికి వేలు తగలకుండా, ఆమె చేతికి అంటించాడు.

"మీ పేరు అడగను," అంది ఆమె. "మీకు నేనే పేరు పెట్టేశాను. చుక్కలు."

"బాగుంది. మా ఇంట్లో ఇంతకన్నా ఘోరంగా పిలుస్తారు."

"పట్టపగలే అందరికీ చుక్కలు చూపిస్తారని మా సీనియర్లు చెప్పారు. నేనే నమ్మలేదు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే చిమటా కదులుతుందని బిగబట్టాడు. అది ఆమె చూసింది. చూసినందుకు ఆమె పెదవి చివర కూడా ఏదో కదిలింది. దాన్ని కొలిచే కెమెరా ఆ గదిలో లేదు.

ఆసుపత్రిలో అందరూ ఆమెని చిన్న డాక్టరు అనేవారు. పెద్ద డాక్టరు అంటే ఆ విభాగానికి అధిపతి, చెయ్యి తిరిగిన సర్జన్, కారిడార్లో నడిచొస్తుంటే కాంపౌండర్లు గోడకి అతుక్కుపోయేంత పెద్దావిడ. ఆవిడ ఏరికోరి తీసుకున్న నలుగురు శిష్యుల్లో చిన్నది కాబట్టి ఈమె చిన్న డాక్టరు అయింది.

మూడో రోజుకల్లా "చుక్కలుగారూ" పోయి "చుక్కలూ" అయింది. ఐదో రోజుకి "నువ్వు" కూడా అయింది. మనవాడు మాత్రం "మీరు" దగ్గరే ఆగిపోయాడు, ధైర్యం చాలక.

"నువ్వెప్పుడూ నా చేతుల్నే చూస్తావేంటి? పైన మొహం కూడా ఉంటుంది మనిషికి."

"మొహానికి చుక్కలు లేవండీ."

"పెట్టుకుని రానా?"

మనవాడు కీబోర్డు తుడిచాడు. అప్పటికే రెండుసార్లు తుడిచిన కీబోర్డు అది.

ఎనిమిదో రోజు సాయంత్రం, ఆమె సాధన పూర్తయ్యేసరికి వాన దంచి కొడుతోంది. గొడుగు లేదు. మనవాడు ఒక్క క్షణం ఆలోచించి, కెమెరా మీద కప్పే ప్లాస్టిక్ ముసుగు తెచ్చి ఆమెకిచ్చాడు.

"అయ్యో, కెమెరా తడవదూ?"

"కెమెరా లోపలే ఉంటుంది. బయటికెళ్ళేది మీరు."

ఆమె దాన్ని తల మీంచి కప్పుకుని, లెన్సు కోసం వదిలిన కంతలోంచి మొహం బయటపెట్టి, "ఎలా ఉన్నాను?" అంది.

"ఫోకస్‌లో ఉన్నారు," అన్నాడు. ఆ తర్వాత వారం రోజులపాటు ఆ జవాబు గుర్తొచ్చినప్పుడల్లా తల గోడకేసి కొట్టుకున్నాడు. అంతకన్నా మంచి మాట ఎనిమిది వందల దాకా తట్టింది, అన్నీ ఆలస్యంగా.

ఆ రోజు వాన తగ్గేదాకా కిటికీ దగ్గర నిలబడి ఆమె ఒక సంగతి చెప్పింది.

"మా నాన్న గడియారాలు బాగుచేసేవారు. గోరంత చక్రాలు ఊపిరి తీయకుండా బిగించేవారు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. ముందు మాకెవ్వరికీ చెప్పలేదు. ఒకరోజు ఎవరిదో గడియారం స్ప్రింగు విరగ్గొట్టి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారు. దుకాణం మూసేశారు. ఇప్పుడు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటారు."

జల్లు ఆమె మీద పడకుండా అతను కిటికీ రెక్క కాస్త దగ్గరగా వేశాడు.

"రోజూ పొద్దున్నే లేవగానే నేను చెయ్యి చాపి చూసుకుంటాను. నాకూ వచ్చిందేమోనని. పిచ్చి కదా?"

"మీ చేతిని సెకనుకి వెయ్యిసార్లు చూస్తున్నాను," అన్నాడు మనవాడు, ఈసారి తడుముకోకుండా. "అంత నిలకడైన చెయ్యి ఈ గదికి ఇంతవరకు రాలేదు. నిద్రపోయే పసిపిల్లలా ఉంటుంది."

ఆమె అతని వంక చూసింది. చాలాసేపు చూసింది. వాన తగ్గిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చెప్పలేదు.

అక్కడితో కథ ఆపేస్తే ఎంత బావుండేది!

ల్యాబ్‌లో ఒక నిబంధన ఉంది. సాధన రోజుల రికార్డులు వారం తిరక్కుండా చెరిపెయ్యాలి. సెకనుకి వెయ్యి బొమ్మలంటే మాటలా, ఎంత పెద్ద డిస్కయినా ఇట్టే నిండిపోతుంది. మిగతా ముగ్గురివీ చెరిపేశాడు. ఆమెవి చెరపలేదు. వేలు ఆ బటన్ దాకా వెళ్ళేది, వెనక్కి వచ్చేది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని ఆ బొమ్మల్ని నెమ్మదిగా తిప్పి చూసుకునేవాడు. ఒక చూపుడువేలు పొర అంచుని వెతుక్కుంటూ మెల్లగా వంగడం. బొటనవేలు దానికి తోడు రావడం. ప్రేమలో పడ్డవాడు ఫోటో దాచుకుంటాడు. మనవాడు కొన్ని లక్షల బొమ్మలు దాచుకున్నాడు, అందులో ఒక్కదాంట్లోనూ ఆమె మొహం లేదు.

ఫైనల్ రోజు రానే వచ్చింది. మిగతా ముగ్గురూ ముందు వారమే పాసైపోయారు. నాన్నకి జ్వరమొచ్చి ఆమె ఒక్కతే వారం ఆలస్యమైంది. ఆమె వచ్చి కూర్చుంది, చుక్కలు అంటించాడు, పెద్ద డాక్టరు వెనక కుర్చీలో కళ్ళజోడు సవరించుకుంది. అప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. డిస్కులో చోటు లేదు.

ఇప్పుడు చెరపాలంటే ఆ ఫైళ్ళన్నీ తెర మీద తెరవాలి, వెనక పెద్ద డాక్టరు కూర్చుని ఉంది. అందుకని ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. తీసిన ప్రతి బొమ్మా ఉంచొద్దని, పదింటికి ఒకటి ఉంచమని కెమెరాకి చెప్పాడు. అప్పటికీ చోటు కాస్త తక్కువైంది. పదకొండింటికి ఒకటి అన్నాడు. సరిపోయింది.

హమ్మయ్య అనుకున్నాడు కూడా.

సాయంత్రానికి లెక్క వచ్చింది. చేతి వణుకు సెకనుకి తొమ్మిది సార్లు, కదలిక ఉండాల్సిన దానికి మూడింతలు. ఫెయిల్.

*

కారిడార్లో ఆమె అతని కోసం నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చుక్కలూ, నిజం చెప్పు. నా చెయ్యి అన్ని రోజులు చూశావు కదా. ఎప్పుడైనా అలా వణికిందా?"

వణకలేదు. ఒక్కరోజు కూడా వణకలేదు. పదహారు రోజుల సాక్ష్యం అతని డిస్కులోనే ఉంది. అయితే ఆ మాట అనగానే "నీకెలా తెలుసు, చెరిపేయాలి కదా?" అని అడుగుతారు. ఎందుకు దాచావంటారు. ఒక ఆడపిల్ల చేతుల్ని దొంగచాటుగా దాచుకుని చూసుకుంటున్నాడని ఆసుపత్రంతా చెప్పుకుంటారు. పెద్ద డాక్టరు బయటికి నెడుతుంది. అన్నిటికన్నా ముందు ఈమె అసహ్యించుకుంటుంది. ఇదంతా ఒక్క క్షణంలో అతని బుర్రలో తిరిగిపోయింది.

"సాధన వేరు, ఫైనల్ వేరండీ," అన్నాడు నేల చూస్తూ. "కెమెరా చూపించిందే నేను ఇచ్చాను."

"అంతేనా?"

"కెమెరా తప్పు చూపించదు."

ఆమె కుడిచెయ్యి చాపి, తన చెయ్యి కాదన్నట్టు దానికేసి చూసుకుంది.

"సరే. మా నాన్నదే వచ్చిందన్నమాట," అంది మెల్లగా. ఒక్క మాట కూడా వాదించలేదు. వాదించి ఉంటే, అరిచి ఉంటే, అతను నిజం కక్కేసేవాడేమో. చిన్నప్పటి నుంచి ఎదురుచూస్తున్న చెడ్డ కబురు చివరికి చేరినట్టు, తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మరునాడు ఆమె శిక్షణ వదులుకుంది. వణికే చేతికి మళ్ళీ అవకాశం లేదన్నది ఆ విభాగం నియమం. పెద్ద డాక్టరు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పుకున్నారు.

తర్వాత ఎనిమిది నెలలు మనవాడు ఎలా బతికాడో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అన్నం తిన్నాడు, అరగలేదు. పడుకున్నాడు, పట్టలేదు. ల్యాబ్‌కి కొత్త డిస్కు వచ్చింది, కొత్త శిష్యులు వచ్చారు. వాళ్ళ వేళ్ళకి చుక్కలు అంటించాడు. ఎవరూ క్రీమ్ రాసుకుని రాలేదు. వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది. కెమెరా ముసుగు ఎక్కడుందో కూడా అతను వెతకలేదు.

ఐదో నెలలో ఆమె ఎక్కడుందో తెలిసింది. బజారు వీధిలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం, దాని వెనక చిన్న గది, గోడకి అక్షరాల అట్ట. చూపు పరీక్ష చేసి అద్దాల నంబరు రాసే పని. చేతులతో పని లేదు.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. తన వంతు వచ్చింది.

ఆమె చూసింది. గుర్తుపట్టినట్టు ఒక్క వెంట్రుక కూడా కదలలేదు.

"ఎడమ కన్ను మూసుకోండి. కింది వరుస చదవండి."

చదివాడు.

"కుడి కన్ను. కింది వరుస."

చదివాడు.

"చూపు బాగానే ఉంది మీకు. అద్దాలు అక్కర్లేదు. ఎందుకొచ్చారు?"

"మిమ్మల్ని ఒకసారి చూద్దామని..."

"చూశారు కదా." పేషెంట్ల పుస్తకంలో ఏదో రాసుకుంటూ అంది. ఎడమచేత్తో రాస్తోంది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. "మళ్ళీ రాకండి. మీ తప్పేమీ లేదు. కెమెరా చూపించింది మీరు చెప్పారు. మిమ్మల్ని చూస్తే నాకు ఆ రోజు గుర్తొస్తుంది, అంతే."

ఆ "మీరు" విన్నాక అతనికి ఆ గదిలోంచి బయటికి దారి కనపడలేదు. చూపు బాగానే ఉందని ఇప్పుడే పరీక్ష చేసి చెప్పిన డాక్టరు ఎదుటే తలుపుకి గుద్దుకున్నాడు.

*

ఎనిమిదో నెలలో ఒక పొద్దున ఏం తోచిందో ఆమె ఫైనల్ ఫైలు తెరిచాడు. దాన్ని తెరవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ధైర్యం లేకపోయింది. ఫైలుతోపాటు ఆనాటి సెట్టింగులు కూడా కెమెరాలోకి వచ్చి కూర్చున్నాయి. పదకొండింటికి ఒకటి.

కెమెరా ఎదురుగా ఇనుప పట్టులో బిగించిన సూది ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు దాన్ని రికార్డు చేసి, కెమెరా సరిగా ఉందో లేదో చూసుకోవడం అతని అలవాటు. ఆ పొద్దున కూడా అలాగే బటన్ నొక్కాడు.

ఇనుప సూది వణికింది.

సెకనుకి తొమ్మిది సార్లు. అచ్చం ఆమె ఫైనల్లో వచ్చిన లెక్కే.

ఇనుముకి భయం ఉండదు. ఇనుముకి తండ్రి నుంచి వచ్చే జబ్బు ఉండదు. మనవాడు లేచి బల్ల మీద దీపం ఆర్పి, కిటికీ తెరిచి, ఎండ వెలుతురులో మళ్ళీ తీశాడు. సూది కదల్లేదు. దీపం వేశాడు. వణికింది.

కరెంటు దీపం సెకనుకి వందసార్లు మినుకుమంటుంది, మన కళ్ళకి తెలియదు. మినుకుమన్నప్పుడల్లా చుక్క ఒక పక్కన మసకబారి, కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. వెయ్యి బొమ్మలూ ఉంటే అది దీపం పనేనని కంప్యూటర్ పసిగట్టి తీసేస్తుంది. పదకొండింటికి ఒకటే ఉంచితే, సినిమాలో బండి చక్రం నెమ్మదిగా వెనక్కి తిరుగుతున్నట్టు కనపడుతుందే, అలా ఆ మినుకు కూడా నిదానించి, అచ్చం చేతి వణుకులా కనపడుతుంది. పదింటికి ఒకటి ఉంచి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క అంకె ఎందుకు పెంచాడు? చోటు చాలక. చోటు ఎందుకు చాల్లేదు?

మనవాడు ఆ గదిలో కింద కూర్చుని ఏడ్చాడు. ఎవరైనా వస్తారేమో అని కూడా అనుకోలేదు.

గంట తర్వాత పెద్ద డాక్టరు ఎదుట నిలబడి మొత్తం చెప్పేశాడు. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఆ పదహారు రోజులవీ చెరపకుండా ఎందుకు ఉంచావు?"

మనవాడు తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"అడుగుతున్నాను."

"ఆ చెయ్యి... చెరపబుద్ధి కాలేదు మేడం."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు, అదే భరించలేకపోయాడు.

"ఆ రోజు సాయంత్రం నువ్వు నా దగ్గరికొచ్చి, 'ఇదిగో మేడం పదహారు రోజులు, చూడండి' అని ఉంటే, మర్నాడే ఫైనల్ మళ్ళీ పెట్టించేదాన్ని. నిన్ను నాలుగు తిట్టేదాన్ని, అంతే. నాలుగు తిట్లకి భయపడ్డావు. నలభై ఏళ్ళు పనిచెయ్యాల్సిన చేతిని ఇంట్లో కూర్చోబెట్టావు."

"అవును మేడం."

"నీకు ఈ ఆసుపత్రిలో ఇంక పని లేదు. వెళ్ళేముందు ఆమెకి చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

*

తలుపు తీసింది ఆమె తండ్రి. గొళ్ళెం తీయడానికే ఆయన చేతులు చాలాసేపు అవస్థ పడ్డాయి. ఆమె ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. మనవాడిని కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పాడు. డిస్కు, దీపం, పదకొండు, ఇనుప సూది, దాచుకున్న పదహారు రోజులు, కారిడార్లో అన్న అబద్ధం, ఒక్కటీ మిగల్చలేదు.

"ఎందుకు దాచుకున్నావు నా చేతుల్ని?" అంది ఆమె.

"మీరంటే ఇష్టం కాబట్టి." పగవాడికి కూడా ఆ మాట అలా చెప్పే గతి పట్టకూడదు. నేరం ఒప్పుకుంటున్నట్టు, తల వంచుకుని, ఆమె తండ్రి ఎదుట. "మొదటి రోజు నుంచీ ఇష్టం. చెప్పే ధైర్యం లేక దాచుకున్నాను. అడిగినప్పుడు కూడా ఆ ధైర్యం లేకే అబద్ధం చెప్పాను. మీ చెయ్యి వణకలేదు. ఎప్పుడూ వణకలేదు."

ఆమె లేచి అతని దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బావుండుననుకున్నాడు. ఆమె కుడిచెయ్యి చాపి అతని మొహం ముందు పెట్టింది.

వేళ్ళు గాలిపటం తోకలా కొట్టుకుంటున్నాయి. ఏ కెమెరా అక్కర్లేదు.

"చూడు. ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. రోజుకి వందసార్లు చాపి చూసుకున్నాను, వణుకుతోందా వణుకుతోందా అని. నాలుగో నెలకి మొదలైంది. నువ్వు రాసిందే నిజమైంది చుక్కలూ. ఇప్పుడొచ్చి అబద్ధమంటే దీనికెలా తెలుస్తుంది?"

చెప్పి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఆపుకునే ఏడుపు కాదు.

తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. "నిన్ను కొట్టాలని ఉందయ్యా. చెయ్యి నా మాట వినదు."

"కొట్టండి."

"ఎనిమిది నెలల నుంచి అది నా మొహంలోకి చూడట్లేదు. నా చేతులకేసి చూస్తోంది. అన్నం కలుపుతుంటే చూస్తోంది, చొక్కా గుండీ పెట్టుకుంటుంటే చూస్తోంది. నా రోగం నా బిడ్డకిచ్చానని రోజూ చస్తూ బతికాను." కళ్ళు తుడుచుకోబోతే వేళ్ళు చెంపకి తగిలాయి. రెండోసారికి తుడుచుకున్నాడు. "దానికది లేదన్నావు కదా. నిజమేనా?"

"నిజమండీ. ఒట్టు."

"ఒట్లు నాకెందుకు! కాగితం మీద రాసివ్వు. నీకు తెలిసిందంతా, నాలాంటి వాడికి అర్థమయ్యేట్టు రాయి. రోజూ దానికి చదివి వినిపిస్తాను."

అక్కడే, ఆయన పాత గడియారాల బల్ల మీదే కూర్చుని నాలుగు పేజీలు రాసిచ్చాడు.

*

ఆసుపత్రి పోయాక మనవాడికి ఒక సీసాల ఫ్యాక్టరీలో పని దొరికింది. సీసాలు పరుగు పెడుతుంటే మూతలు సరిగా పడ్డాయో లేదో కెమెరాలో చూడాలి. మూతకి బాధ లేదు, తండ్రి లేడు. హాయిగా ఉండాల్సిన పని. రోజుకి ఇరవై వేల మూతలు చూసేవాడు, ఒక్కటీ గుర్తుండేది కాదు.

రెండు నెలలకి ఆమె తండ్రి ఫోన్ చేశాడు.

"పెద్ద డాక్టరుగారు నిన్న స్వయంగా ఇంటికొచ్చారు. ఆ రిపోర్టు కొట్టేశారట, మళ్ళీ పరీక్షకి కూర్చోమన్నారు. రోజంతా రానని మొండికేసింది. ఇప్పుడు వెళ్తానంటోంది. రేపు పదింటికి."

"నేను..."

"నువ్వు గదిలోకి రాకూడదట. బయట బెంచీ మీద ఉండాలట. ఎందుకూ అని అడిగితే, 'తెలీదు నాన్నా' అంది. నాకూ తెలీదు. వెళ్ళు."

తొమ్మిదింటికే వెళ్ళి కూర్చున్నాడు. ఆమె పదింటికి వచ్చింది, అతన్ని చూడకుండా లోపలికి వెళ్ళింది. ఇంకో ఆసుపత్రి నుంచి పిలిపించిన ఒకావిడ కెమెరా పెట్టింది. తలుపు మూసుకుంది. పది నిమిషాల్లో అయిపోవాల్సిన పరీక్ష. ఇరవై అయింది. నలభై అయింది. లోపల్నుంచి చప్పుడు లేదు. మనవాడు దేవుణ్ణి ఏం అడగాలో కూడా తోచక, "ఆమె చెయ్యి, ఆమె చెయ్యి" అనుకుంటూ కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆమె మొహం చూడగానే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడ్చిన మొహం. వచ్చి బెంచీ మీద, ఒక మనిషి పట్టేంత దూరంలో కూర్చుంది.

"పొర చిరిగిపోయింది," అంది. "కూర్చోగానే వణికింది. బాగా. మనిషి కన్నే అయితే చూపు పోయేది."

అతను కళ్ళు మూసుకున్నాడు.

"నా జీవితం నాశనం చేశావు. తెలుసా?"

"తెలుసు."

"ఫెయిల్. మళ్ళీ ఫెయిల్."

ఎదురుగా గోడ మీద కళ్ళ జబ్బుల బొమ్మలున్నాయి. ఇద్దరూ వాటికేసే చూస్తున్నారు, ఇద్దరికీ ఏమీ కనపడటం లేదు.

"ఇంకో కన్ను పెట్టమన్నాను," అంది ఆమె ఉన్నట్టుండి. "పరీక్షకి కాదు. ఊరికే. మేడం పెట్టించారు. అదీ చిరిగింది. మూడోది పెట్టమన్నాను. అప్పుడు..." బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంది. "వణుకు నాలుగు నిమిషాలు ఆగింది చుక్కలూ. మళ్ళీ మొదలైందిలే. నాలుగు నిమిషాలు మాత్రం ఆగింది. నాలుగే."

"నాలుగు నిమిషాలంటే రెండు లక్షల నలభై వేల బొమ్మలు," అన్నాడు మనవాడు, ఆలోచించకుండా.

ఆమె తల తిప్పి చూసింది. ఏడుస్తూనే, ఆపుకోలేక, నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ఏడుపొచ్చింది. పది నెలల్లో వాళ్ళకి దక్కింది ఆ కాస్తే.

"మేడం నియమాన్ని పక్కనపెట్టి, వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు," అంది మొహం తుడుచుకుంటూ. "ఆ తర్వాతి నెల కూడా. ఎన్నాళ్ళు పడుతుందో, అసలు ఆగుతుందో ఆగదో మేడంకే తెలీదు. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. క్షమించలేదు."

"అనుకోను."

"వచ్చే నెల కూడా కూర్చుంటావా ఇక్కడ?"

"కూర్చుంటాను."

"ఎప్పటికీ ఆగకపోతే?"

"అప్పుడూ కూర్చుంటాను."

ఆమె లేచి బ్యాగు భుజాన వేసుకుంది. రెండడుగులు నడిచి, వెనక్కి వచ్చి, స్కూటరు తాళాలు అతని ముందుకి చాపింది. చేతిలో తాళాలు గలగలలాడుతున్నాయి. ఈసారి ఆ చేతిని ఆమె జేబులో దాచుకోలేదు.

"బండి నువ్వు నడుపు," అంది. "నా చెయ్యి ఇంకా వణుకుతోంది."